మీకు తెలుసా? గొట్టంలో బెంగాల్‌కు, తిమింగలం కింద షికారుకు

లండన్ నుంచి కలకత్తాకు ఓడలో ఐదారు నెలలు పట్టే రోజులవి. ఆఫ్రికా కొసను చుట్టి రావాలి, గాలి అనుకూలించాలి, దారిలో జబ్బు చేయకూడదు. అలాంటి కాలంలో, 1829 ప్రాంతంలో, విలియం హీత్ అనే ఇంగ్లిష్ వ్యంగ్య చిత్రకారుడు ఒక బొమ్మ అచ్చేశాడు. అందులో ఓ పెద్ద గొట్టం. లోపలి గాలి తోడేసిన ఆ గొట్టంలో కూర్చుంటే నేరుగా బెంగాల్‌లో దిగొచ్చట! అదే బొమ్మలో ఒకచోట ఆవిరి గుర్రం పరుగెడుతుంటుంది. పైన ఆకాశంలో గబ్బిలం రెక్కల యంత్రం ఒకటి ఖైదీలను ఆస్ట్రేలియాకు మోసుకుపోతుంటుంది.

హీత్ జోస్యం చెబుదామని గీయలేదు. ఊళ్లో అందరికీ యంత్రాల పిచ్చి పట్టిందని వెక్కిరిద్దామని గీశాడు.  నిజానికి ఆ రోజుల్లో పెద్దమనుషులు గంభీరంగా చెప్పిన జోస్యాల కన్నా ఈ వెటకారమే మన కాలానికి దగ్గరగా వచ్చింది. గొట్టం కథ అక్కడితో ఆగలేదు మరి.

రైలును ముంచిన తోలు

హీత్ బొమ్మ వేసిన రెండు దశాబ్దాల లోపే గాలి తోడేసిన గొట్టంతో రైలు నడిపి చూపించాడు ఇంజినీరు బ్రునెల్. ఇంగ్లండ్‌లోని డెవన్ ప్రాంతంలో పట్టాల మధ్య ఇనుప గొట్టం పరిచారు. కొన్ని మైళ్లకో పంపు హౌస్. అక్కడి ఇంజిన్లు గొట్టంలో గాలిని లాగేస్తాయి. రైలు కింద ఉన్న ముషలకాన్ని, అంటే పిస్టన్‌ను, వెనకనున్న మామూలు గాలి ముందుకు నెడుతుంది. బొగ్గు పొగ లేదు, నిప్పురవ్వలు లేవు. వేగం గంటకు 60 మైళ్లు దాటింది. 1847లో ఆ లెక్క చూసి జనం నోరెళ్లబెట్టారు.

మరి చిక్కెక్కడ వచ్చింది? పిస్టన్‌ను రైలుకు కలిపే కడ్డీ బయటికి రావాలి కాబట్టి గొట్టం పైభాగంలో పొడుగునా చీలిక పెట్టాలి. గాలి దూరకుండా ఆ చీలికను తోలుపట్టీతో మూయాలి. తోలు మెత్తగా ఉండి అతుక్కోవడానికి జంతువుల కొవ్వు పూయాలి. ఎండకు, వానకు, మంచుకు ఆ తోలు గట్టిపడింది, చిరిగింది, గాలి కారింది. కొవ్వు కోసం ఎలుకలు తోలును కూడా కొరికేశాయని చెప్పుకుంటారు. అది కథే కావచ్చు గానీ, తోలు పాడైన మాట నిజం. ఏడాది తిరిగేసరికి, 1848 సెప్టెంబరులో, మళ్లీ మామూలు ఆవిరి ఇంజిన్లు తెచ్చుకున్నారు.

ఉత్తరాల పేరు చెప్పి...

న్యూయార్క్‌లో ఆల్ఫ్రెడ్ ఈలీ బీచ్ ఇంకో ఎత్తు వేశాడు. ఆయన సైంటిఫిక్ అమెరికన్ పత్రిక నడిపిన మనిషి. ఉత్తరాలు పంపే సన్న గొట్టాలు వేసుకుంటామని అనుమతి తీసుకుని, బ్రాడ్‌వే కింద రాత్రిళ్లు గుట్టుగా మనుషులు పట్టే సొరంగం తవ్వించేశాడు! 1870 ఫిబ్రవరిలో తలుపు తీసేసరికి ఊరికి విషయం తెలిసింది. సొరంగం పొడవు 312 అడుగులు. ఉన్నది ఒకే పెట్టె. పెద్ద ఫ్యాను దాన్ని ఆ చివరకు ఊదుతుంది, మళ్లీ ఈ చివరకు లాగుతుంది. వెళ్లడానికి ఊరేమీ లేదు. వెళ్లి రావడమే.

అయినా జనం విరగబడ్డారు. రైలు కన్నా వెయిటింగ్ రూమే బాగుందేమో! పియానో, ఫౌంటెన్, బంగారు చేపల తొట్టి, గోడలకు బొమ్మలు. భూగర్భంలో తిరగడమంటే పాతాళానికి పోయినట్టు భయపడే రోజుల్లో, ముందు ఆ భయం పోగొట్టాలని బీచ్‌కు బాగా తెలుసు. టికెట్ 25 సెంట్లు, ఆ డబ్బు అనాథ పిల్లలకు. మూడేళ్లకు అమెరికాలో ఆర్థిక సంక్షోభం వచ్చింది, పెట్టుబడి దొరకలేదు, సొరంగం మూతపడింది. 1912లో అసలైన మెట్రో కోసం తవ్వుతున్న కూలీలకు ఈ పాత సొరంగం బయటపడింది.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, 2013లో ఇలాన్ మస్క్ గాలి తోడేసిన గొట్టపు ప్రయాణం మీద 'హైపర్‌లూప్' పత్రం విడుదల చేసినప్పుడు మనవాళ్లు చాలామంది కనీవినీ ఎరుగని ఊహ అనుకున్నారు. 2017 సెప్టెంబరులో విజయవాడ, అమరావతి మధ్య హైపర్‌లూప్ కోసం ఒక అమెరికన్ కంపెనీతో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం అవగాహన ఒప్పందం కూడా చేసుకుంది. గంటకు పైగా పట్టే దారి ఐదారు నిమిషాల్లో అన్నారు. ఆ గొట్టం రాలేదు. ప్రస్తుతానికి ఆ ముచ్చట తీరాలంటే చెన్నై వెళ్లాలి. ఐఐటీ మద్రాస్ వాళ్లు నాలుగు వందల మీటర్ల పైచిలుకు పొడవైన ప్రయోగ మార్గం కట్టుకున్నారు.

ట్రెడ్‌మిల్ మీద గుర్రం

హీత్ బొమ్మ నాటి 1829లోనే ఇంగ్లండ్‌లో రెయిన్‌హిల్ అనేచోట రైలింజిన్లకు పోటీ పెట్టారు. స్టీఫెన్‌సన్ 'రాకెట్' గెలిచిందని పిల్లల పుస్తకాల్లో ఉంటుంది. ఓడిపోయిన వాటిలో 'సైక్లోపెడ్' అని ఒకటుంది. దానికి బాయిలర్ లేదు, పొగగొట్టం లేదు. బండి మీద గుర్రం ఉంది! అది కదిలే పట్టా మీద నడుస్తుంటే చక్రాలు తిరుగుతాయి. గంటకు ఐదారు మైళ్లు పోయింది, అంటే గుర్రాన్ని దించి ఊరికే నడిపించినా దాదాపు అంతే. ఆఖరికి గుర్రం కాలు కిందిచెక్కలో దిగబడటంతో పోటీలోంచి తప్పుకుంది. రేపటిని ఊహించమంటే మనిషి ముందు తన దొడ్లో ఉన్నదాన్నే బయటికి తోలుకొస్తాడు మరి.

చుట్టపెట్టెల్లో 2000 సంవత్సరం

1900లో పారిస్‌లో జరిగిన ప్రపంచ ప్రదర్శన సందర్భంగా జాన్ మార్క్ కోటే, మరికొందరు ఫ్రెంచి చిత్రకారులు '2000లో' అంటూ చిన్న చిన్న రంగుల కార్డులు వేశారు. కొన్ని చుట్టపెట్టెల్లో పెట్టి ఇవ్వడానికి, తర్వాత పోస్టుకార్డులుగా. వాటిలో కనీసం 87 బొమ్మలు మనకు తెలుసు. వీటిలో ఒక సెట్టు వేయించిన ఆటబొమ్మల వ్యాపారి మధ్యలోనే చనిపోవడంతో అవి జనంలోకి వెళ్లనేలేదు. గోదాములో మగ్గి, పాతసామాన్ల కొట్టుకు చేరి, చివరికి సైన్స్ రచయిత ఐజాక్ ఆసిమోవ్ చేతికి వచ్చాయి. 1986లో ఆయన వ్యాఖ్యలతో పుస్తకంగా వేశారు.

ఈ కార్డులను కాస్త తీరిగ్గా చూడాలి. ఒకదాంట్లో సముద్రం లోపల తిమింగలం పొట్ట కింద పెట్టె కట్టారు. అది బస్సు. కిటికీల్లోంచి పెద్దమనుషులు సముద్రపు అడుగు చూస్తున్నారు. తిమింగలం ఊపిరికి పైకి తేలినప్పుడల్లా బస్సూ తేలుతుందా, బ్రేకు ఎక్కడ, అని అడగకూడదు. ఇంకోదాంట్లో అగ్నిమాపక సిబ్బంది వీపులకు రెక్కలు కట్టుకుని మేడ చుట్టూ ఎగురుతూ పైపుతో నీళ్లు కొడుతుంటారు. పల్లెటూరి పోస్ట్‌మాన్ బుల్లి విమానం మీదొచ్చి ఉత్తరం ఇస్తాడు. గాలి టాక్సీలకు ఎత్తయిన స్టాండు కూడా ఉంది.

నాకు మాత్రం అన్నిటికన్నా నచ్చింది వేరే కార్డు. అందులో ఏ యంత్రమూ లేదు. జనం గుమిగూడి ఒక వింత జంతువును చూస్తున్నారు, అదేమిటా అంటే గుర్రం! 1900 నాటి పారిస్ వీధి నిండా గుర్రబ్బండ్లే. అవన్నీ మాయమైపోయి, గుర్రాన్ని చూడటానికి జనం ఎగబడే రోజు వస్తుందని తట్టడం ఎంత తెలివి! తిమింగలం బస్సు గీసినవాళ్ల బళ్లోనే ఈ చూపూ ఉంది.

బట్టల దగ్గర మాత్రం ఆ తెలివి పనిచేయలేదు. ఆకాశంలో ఎగురుతున్నా ఆడవాళ్లకు నేలను ఊడ్చే గౌన్లు, ఈకల టోపీలు. మగవాళ్లకు మెలితిప్పిన మీసాలు. వందేళ్లలో వాహనం మారుతుంది గానీ దర్జీ మారడనుకున్నారు.

నడిచే రోడ్డు

అదే పారిస్ ప్రదర్శనలో ఒక ఊహ నిజంగానే కదిలింది. సుమారు మూడున్నర కిలోమీటర్ల చుట్టు, స్తంభాల మీద, మేడల మొదటి అంతస్తు ఎత్తున, దానంతట అదే నడిచే చెక్కబాట. రెండు వరసలు: ఒకటి నడక వేగం, రెండోది దానికి రెట్టింపు. ఎక్కేటప్పుడు పట్టుకోవడానికి గుండ్రటి తలల కర్రలు పాతారు. ఆ కాలపు సినిమా కెమెరాలు దాన్ని తీశాయి కూడా. పడబోయి నవ్వుకుంటున్నవాళ్లు, టోపీలు పట్టుకున్నవాళ్లు ఇప్పటికీ తెరమీద కనిపిస్తారు. ఊళ్లన్నిటికీ ఇవే రోడ్లవుతాయని రచయితలు కథలు రాశారు. ఇప్పుడవి విమానాశ్రయాల్లో సూట్‌కేసులు మోస్తున్నాయి.

మద్రాసులో అచ్చయిన ఎగిరే బండి

రైట్ సోదరులు 12 సెకన్లు ఎగిరింది 1903 డిసెంబరులో. రెండేళ్లు నిండీ నిండకముందే, 1905లో, మద్రాసు నుంచి వచ్చే 'ఇండియన్ లేడీస్ మ్యాగజైన్'లో ఒక కథ వచ్చింది. పేరు 'సుల్తానాస్ డ్రీమ్'. రాసింది బెంగాలీ ముస్లిం కుటుంబానికి చెందిన రోకియా సఖావత్ హుస్సేన్. ఆ పత్రిక సంపాదకురాలు కమలా సత్యనాథన్ మన తెలుగింటి ఆడపడుచు.

కథలో ఆడవాళ్లు ఏలే దేశం ఒకటుంది. అక్కడ మగవాళ్లు ఘోషాలో వంటిళ్లలో ఉంటారు. ప్రయాణాలన్నీ ఆకాశంలోనే, రైలు పట్టాలు లేవు, తారురోడ్లు లేవు, కాబట్టి ప్రమాదాలూ లేవు. ఖాళీ అయిన నేలంతా తోట. బండి తయారీ వర్ణన చూడండి: చదునైన పలకకు రెండు సీట్లు మరలతో బిగిస్తారు. హైడ్రోజన్ నింపిన నున్నటి గోళాలు రెండు తగిలిస్తారు. ఎక్కే మనిషి బరువును బట్టి గోళం సైజు మారుతుంది. ఆ పైన కరెంటుతో ఆడే రెక్కలు. పారిస్ చిత్రకారులు పోలీసునూ పోస్ట్‌మాన్‌నూ గాల్లోకి ఎక్కించారు గానీ, ఇంట్లో ఎవరు ఉండాలి, వీధిలోకి ఎవరు రావాలి అన్న లెక్కను మాత్రం ముట్టుకోలేదు. రోకియా మొదట దాన్నే తిప్పేసింది. భర్త ఊళ్లో లేనప్పుడు పొద్దుపోక రాశానని ఆమె చెప్పుకుంది. ఆయన తిరిగొచ్చి నిలుచున్నచోటే చదివేసి, భయంకరమైన పగ తీర్చుకున్నావన్నాడట.

విమానశాస్త్రం వయసెంత?

వాట్సాప్‌లో ఏటా తిరిగే ముచ్చట ఇది. 'వైమానిక శాస్త్రం' భరద్వాజ మహర్షిదని, వేల ఏళ్ల నాటిదని. అది బెంగుళూరు దగ్గరి ఆనేకల్‌కు చెందిన పండిత సుబ్బరాయశాస్త్రి 1918, 1923 మధ్య చెబుతుండగా రాసుకున్న గ్రంథం. అందులోని శకున, సుందర, రుక్మ, త్రిపుర విమానాల బొమ్మలు ఎల్లప్ప అనే డ్రాఫ్ట్స్‌మన్ గీశాడు. 1974లో బెంగుళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్ పరిశోధకులు ఐదుగురు శ్లోకాల భాషనూ బొమ్మలనూ పరిశీలించి, ఇది 1904కు ముందుది కాదని, ఇందులో ఏదీ ఎగరదని తేల్చారు. ప్రాచీనమని ఒప్పుకోకపోతే దాని విలువ పోతుందని కొందరి బాధ. నాకైతే ఆ పారిస్ కార్డుల పక్కన పెట్టి చూస్తేనే అది ముచ్చటగా ఉంటుంది. విమానం అప్పుడే పుట్టిన రోజుల్లో ఒక దక్షిణాది పండితుడు కన్న ఆకాశ స్వప్నం అది.

కాశ్మీర్ డబ్బుతో ఒంటిపట్టా రైలు

లూయీ బ్రెనన్ అనే ఆవిష్కర్త ఒకే పట్టా మీద నిలబడే రైలు చేశాడు. లోపల గిర్రున తిరిగే రెండు భారీ జైరోస్కోపులు దాన్ని పడిపోకుండా పట్టుకుంటాయి. వాయవ్య సరిహద్దు కొండల్లో పట్టాలు త్వరగా పరచవచ్చని ఇండియా ఆఫీసు డబ్బిచ్చింది, కాశ్మీర్ దర్బారూ ఇచ్చింది. 1909 నవంబరులో 22 టన్నుల బండి ప్రయాణికులతో తిరిగింది, పడలేదు. మరుసటేడు లండన్ ప్రదర్శనలో చర్చిల్ కూడా ఎక్కాడు. అయితే ప్రతి పెట్టెకూ సొంత జైరోస్కోపులుండాలి. అవి ఆగితే? ఆ ప్రశ్న తలుచుకుని కొనడానికి ఎవరూ ధైర్యం చేయలేదు.

పటియాలాలో ఇంతకన్నా మోటు పద్ధతిలో ఒంటిపట్టా రైలు 1907 నుంచి నిజంగా నడిచింది. బరువంతా పట్టా మీద, పక్కకు ఒరగకుండా రోడ్డు మీద ఒక పెద్ద చక్రం. ఢిల్లీ రైలు మ్యూజియంలో ఇప్పటికీ ఉంది, పిల్లల్ని తీసుకెళ్లినప్పుడు వెతకండి.

ఓడ రాని షెడ్డు

1920ల్లో దూర ప్రయాణాలకు భవిష్యత్తు గాలి ఓడలదేనని, అంటే ఎయిర్‌షిప్‌లదేనని, బ్రిటిష్ ప్రభుత్వం నమ్మింది. లండన్ నుంచి ఇండియాకు ఓడలో రెండు మూడు వారాలు, గాలి ఓడలో కొద్ది రోజులే. దానికోసం కరాచీలో బ్రహ్మాండమైన షెడ్డు ముందే కట్టేశారు. 1930 అక్టోబరు 4 సాయంత్రం, 777 అడుగుల 'ఆర్101' కరాచీకి బయలుదేరింది. లోపల విమానయాన మంత్రి లార్డ్ థామ్సన్ కూడా ఉన్నాడు. తెల్లారేసరికి ఫ్రాన్స్‌లోని బోవే దగ్గర కూలి కాలిపోయింది. ఉన్న 54 మందిలో 48 మంది పోయారు, మంత్రితో సహా. ఆ కలా అక్కడితో సరి. కరాచీ షెడ్డులోకి ఒక్క గాలి ఓడా రాలేదు. దశాబ్దాల తర్వాత దాన్ని విప్పేశారు. అక్కడి జనం దాన్ని 'కాలా ఛప్రా' అనేవారు, నల్ల షెడ్డు అని.

న్యూయార్క్ ఎంపైర్ స్టేట్ భవనం కొనకు గాలి ఓడలు కట్టేస్తామని 1929లో ప్రకటించారు. అంత ఎత్తున, ఆ ఈదురుగాలిలో, పలక మీద నడిచి దిగాల్సిన ప్రయాణికుల గురించి ఎవరూ ఆలోచించినట్టు లేదు.

రాకెట్‌లో కోడిపుంజు

కలకత్తాలో స్టీఫెన్ స్మిత్ అనే ఆయనకు రాకెట్లతో ఉత్తరాలు పంపాలని పిచ్చి. పంపాడు కూడా. 1935 జూన్‌లో ఉత్తరాలతో ఊరుకోక, ఒక కోడిపుంజునూ పెట్టనూ రాకెట్‌లో పెట్టి దామోదర్ నది దాటించాడు. రెండూ బతికి, కలకత్తా జంతుప్రదర్శనశాలలో చేరాయి. 1992లో మన తపాలా శాఖ ఆయన పేర బిళ్ల వేసింది.

ఆయన పోయిన ఎనిమిదేళ్లకు, 1959 జూన్‌లో, అమెరికా జలాంతర్గామి 'బార్బెరో' ఒక క్షిపణిలో బాంబు తీసి 3,000 ఉత్తరాలు పెట్టి ఫ్లోరిడాకు పేల్చింది. 22 నిమిషాల్లో చేరాయి. మనిషి చంద్రుడి మీద కాలు పెట్టేలోగా న్యూయార్క్ నుంచి ఇండియాకు కూడా క్షిపణుల్లో కొన్ని గంటల్లో ఉత్తరాలు వెళ్తాయని అమెరికా పోస్ట్‌మాస్టర్ జనరల్ ప్రకటించాడు. పదేళ్లకు మనిషి చంద్రుడి మీద దిగాడు. ఉత్తరం మాత్రం సైకిలు మీదే వచ్చింది.

మూతకు పుల్ల

ప్రతి ఇంటికీ కారిచ్చిన హెన్రీ ఫోర్డ్, 1926లో ప్రతి ఇంటికీ విమానం అని ఒంటి సీటు బుల్లి విమానం చేయించాడు. 1928 ఫిబ్రవరిలో పైలట్ హ్యారీ బ్రూక్స్ దాంతో ఫ్లోరిడా దగ్గర సముద్రంలో పడి చనిపోయాడు. పెట్రోలు ట్యాంకు మూతకు గాలి రంధ్రాలుంటాయి. తేమ దిగకుండా వాటిలో సన్న పుల్లలు గుచ్చారు, తీయడం మరిచారు, ఇంజిన్‌కు పెట్రోలు అందలేదు. బ్రూక్స్ ఫోర్డ్‌కు కావలసినవాడు. ఆ తర్వాత బుల్లి విమానాల ఊసు మానేశాడు.

అదే కంపెనీ 1958లో 'న్యూక్లియాన్' అనే కారు నమూనా చూపించింది. వెనక డిక్కీలో అణు రియాక్టర్! ఒకసారి ఇంధనం పెడితే 8,000 కిలోమీటర్లు. రేడియేషన్ ఆపే సీసపు గోడల బరువు ఏ కారు మోయగలదన్నది తేలలేదు కాబట్టి అది నమూనాగానే మిగిలింది. వెనక నుంచి ఆటోవాడు గుద్దితే ఏమయ్యేదో!

స్టీరింగ్ ఎవరిది?

1939 న్యూయార్క్ ప్రపంచ ప్రదర్శనలో జనరల్ మోటార్స్ వాళ్ల 'ఫ్యూచరామా' ముందు జనం బారులు తీరారు. కదిలే కుర్చీల్లో కూర్చుంటే కింద 1960 నాటి అమెరికా బొమ్మలకొలువులా సాగిపోతుంది: 50,000 బుల్లి వాహనాలు, అందులో 10,000 నిజంగా కదిలేవి. కార్ల మధ్య దూరాన్ని రేడియో చూసుకుంటుంది. 1957లో అమెరికన్ విద్యుత్ కంపెనీల పత్రికా ప్రకటనలో ఒక కుటుంబం కారులో ఎదురెదురుగా కూర్చుని డామినోలు ఆడుకుంటుంటుంది, కారు తన దారిన తను పోతుంటుంది. శాన్‌ఫ్రాన్సిస్కోలో ఇప్పుడు డ్రైవర్ లేని టాక్సీలు తిరుగుతున్నాయి. లోపల డామినోలు ఆడేవాళ్లు లేరు, అందరూ ఫోన్ చూసుకుంటున్నారు.

ఇక మనవాళ్ల ఊహ. 2024లో వచ్చిన 'కల్కి 2898 ఏడీ' సినిమా కోసం 'బుజ్జి' అనే కారును నిజంగానే తయారు చేశారు. దాదాపు ఆరు టన్నులు, మూడు చక్రాలు, కరెంటు మోటార్లు, కోయంబత్తూరు ఇంజినీర్ల చేతిపని. బుజ్జికి సొంత బుర్ర ఉంది, కీర్తి సురేష్ గొంతు ఉంది, హీరోను దెప్పే నోరూ ఉంది. అన్నీ ఉండి, 874 ఏళ్ల తర్వాత కూడా డ్రైవింగ్ సీట్లో హీరో ప్రభాస్ కూర్చోవాల్సిందే. కారు తనంతట తనే పోతే ఛేజింగ్ సీన్‌లో ఆయనకు పనేముంటుంది చెప్పండి!